నిలబడ్డ చెట్టులో డబుల్ కాట్

చెట్టుని కొట్టాక కొలిచేవాడు ఉత్త చవట! కింద పడ్డదాన్ని ఎవడైనా కొలుస్తాడు, అందులో గొప్పేముంది? పచ్చగా, గాలికి ఊగుతూ నిలబడ్డ చెట్టుని చూసి "ఇందులో ఒక డబుల్ కాట్, సోఫా సెట్టు, డ్రెస్సింగ్ టేబుల్ ఉన్నాయి" అని చెప్పగలగాలి. దానికి చదువక్కర్లేదు, అనుభవం అసలే అక్కర్లేదు. ఫోనులో ఒక యాప్, గుండెల్లో బోలెడు ధైర్యం ఉంటే చాలు.

మా బావగారికి ఆ రెండూ ఉన్నాయి.

ఆయన బీమా ఆఫీసులో రిటైరయ్యారు. చెట్లతో ఆయనకున్న సంబంధమల్లా వాటి కింద స్కూటర్ పెట్టుకోవడమే. ఎవడో పుణ్యాత్ముడు చెట్టులో కలపెంతో లెక్కకట్టే ఆ యాప్ పంపించాడు. అంతే, జ్ఞానోదయమైపోయింది! ఫోను కంటికి ఆనించుకుని పెరట్లో చెట్టు ముందు నిలబడ్డారు. ఎత్తెంత అని యాప్ అడిగితే చిటారుకొమ్మన ఉన్న ఆఖరి ఆకుదాకా చూపించారు. చుట్టుకొలత అడిగితే, వేళ్ల దగ్గర బాగా ఉబ్బిన చోటు వెతికి మరీ కొలిచారు. ఆ లావే పైదాకా ఉంటుందని యాప్ నమ్మేసింది. దాని దృష్టిలో చెట్టంటే నీళ్ల పైపు! బెరడు పోదా? వంకర పోదా? రంపం కింద పొట్టు రాలదా? ఇలాంటి పిరికి ప్రశ్నలు అది వెయ్యదు. నాకు నచ్చింది కూడా అదే.

ఆ సాయంత్రమే పంపకాలు మొదలయ్యాయి. సోఫా బావగారికి, డబుల్ కాట్ పెద్దబ్బాయికి. డ్రెస్సింగ్ టేబుల్ దగ్గర మాత్రం కోడళ్లిద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఆ టేబుల్ మీద ఇంకా కాకి గూడుంది, పాపం! చెప్పండి, కొట్టేసిన దుంగతో ఇంత కాలక్షేపం అవుతుందా?

ఎటొచ్చీ మా అక్కయ్య ఒక్కతే అడ్డం పడింది. పడమటి గదిలో కిటికీ పక్కన మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. మధ్యాహ్నం ఎండంతా ఆ చెట్టు తన మీద వేసుకుని, లోపలికి వెలుతురు మాత్రం పంపేది. అంత ఇంట్లో అక్కయ్య నాది అనుకునేది ఆ కిటికీ పక్క జాగా ఒక్కటే.

"ఏవండీ, అది కొట్టేస్తే నేనెక్కడ కూర్చుని కుట్టుకోను?" అంది.

"సోఫాలో కూర్చో!" అన్నారు బావగారు.

"సోఫాలో కూర్చుని మిషన్ ఎవరైనా తొక్కుతారా?"

"సోఫా వచ్చాక ఇంకా కుట్టడమేమిటే? దర్జాగా కూర్చో!"

ఇంటిల్లిపాదీ నవ్వారు. అక్కయ్య నవ్వలేదు. ఆడవాళ్లకి హాస్యం తెలీదు కదా!

చెట్టు పడింది. కోతమిల్లులో బెరడు పోయింది, వంకర పోయింది, కొమ్మలు చీలిన చోటినుంచి పైదంతా కట్టెల కింద పోయింది. మొదలేమో లోపల గుల్ల. డబుల్ కాట్ ఎటు పోయిందో, సోఫా ఎటు పోయిందో! మిగిలిన చెక్కల్ని బావగారు స్కూటర్ మీద పెట్టుకుని వచ్చేశారు.

"యాప్ తప్పేం లేదోయ్, చెట్టుదే మోసం. చూడ్డానికి అంత ఒళ్లు పెంచి, లోపల ఇంత డొల్లా!" అన్నారు నాతో. నేను తలూపాను, ఎంతైనా ఫోను ఆయన చేతిలో ఉంది.

ఇక ఎండ తిన్నగా గదిలోకి దిగింది. మిషన్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. కర్టెన్ కట్టారు, లాభం లేకపోయింది. అప్పుడు బావగారి బుర్ర పనిచేసింది. ఆ చెక్కలతోనే కిటికీకి తలుపులు చేయించి బిగించేశారు. ఎక్కడా సందు లేదు!

"చూశావా, సరిగ్గా సరిపోయాయి! అంచనా అంటే ఇదీ!" అని నా వీపు చరిచారు.

అందుకే అంటున్నాను, చెట్టుని నిలబెట్టే కొలవాలి. కొలిచి, దాన్నక్కడే వదిలేసి, ఇంట్లోకొచ్చి చక్కగా మంచినీళ్లు తాగాలి.

నిన్న మధ్యాహ్నం వెళ్తే, బయట ఎండ ఫెళ్లున కాస్తోంది, అక్కయ్య గదిలో మాత్రం లైటు వెలుగుతోంది. సూది కళ్ల దగ్గర పెట్టుకుని దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది. పెరట్లోంచి బావగారి కేక వినిపించింది. "ఒరేయ్ బావమరిదీ, ఇలా రా! పక్కింటివాళ్ల చెట్టులో డైనింగ్ టేబుల్ ఉంది!"

అక్కయ్య తలెత్తలేదు. సూదీ దారం నా చేతిలో పెట్టింది.

"ఇది ఎక్కించిచ్చి వెళ్లరా, ఆ చెట్టులో నాక్కాస్త వెలుతురేమైనా ఉందేమో చూడమను."