నాలుగో రంధ్రం ఖాళీగా ఉంచవలెను

ఎండిన వడ్లను చూసి 'ఇవి ఎండినవి' అని చెప్పే అధికారం ఈ లోకంలో ఏ మనిషికీ లేదు. పండించిన రైతుకు లేదు, కొనే సేటుకు లేదు, కుప్ప మీద వాలిన పిచ్చుకకు అసలే లేదు. ఆ అధికారం ఒక్క యంత్రానికే ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఉమ్మడి తేమ ధ్రువీకరణ మండలి వారి తొర్రూరు ఉప కార్యాలయంలో ఆ యంత్రాన్ని భద్రంగా పెట్టారు. పిడికెడు వడ్లు పోస్తే తేమ ఎంతుందో చెబుతుంది. అయితే మనతో చెప్పదు. దానికి తోకలాంటి వైరు ఒకటుంది. ఆ తోకను కంప్యూటర్‌కు గుచ్చితే కంప్యూటర్‌తో చెబుతుంది, కంప్యూటర్ కాగితంతో చెబుతుంది, కాగితం మనతో చెబుతుంది. (మధ్యలో మనిషి చెయ్యి తగలకూడదు. వెనకటికి చెయ్యి తగిలినప్పుడల్లా, ఎవరి చెయ్యి అన్నదాన్ని బట్టి, వడ్లలో తేమ పెరగడమో తగ్గడమో జరిగేదట.)

చిక్కు ఒక్కటే. తోక గుచ్చడానికి యూఎస్‌బీ రంధ్రం కావాలి. మండలి వారి కంప్యూటర్‌కు ఆ రంధ్రం లేదు.

ఆ కంప్యూటర్‌ను తక్కువ చేసి మాట్లాడకండి. యూఎస్‌బీ అనేది ఇంకా తొర్రూరు బస్సెక్కని రోజుల్లో కొన్నారు. దాని తెర వెనకభాగం నీళ్ల బిందెంత లోతు. అందుకోసం టేబులును గోడకు దూరంగా జరిపారు, టేబులు కోసం తలుపును సగమే తెరుస్తున్నారు. దసరాకు పసుపు కుంకుమలు పెడతారు. కొత్తది కొనవచ్చు కదా అంటే, పాతది చావందే కొత్తది కొనరాదని రూలు. చచ్చిన సంగతి అదే స్వయంగా తెర మీద తెలియజేయాలట.

"మొండిది సార్," అన్నాడు సూపరింటెండెంట్ రాంచందర్ గర్వంగా. "నా సర్వీసుల ఇద్దరు ఆఫీసర్లు పోయిండ్రు. గిది పోలె."

నేను అక్కడికి ఎందుకు పోయానంటే, మా మేనత్త అండాలు పండించిన వడ్లు ఆ ఆఫీసు ముందర కుప్ప పోసి ఉన్నాయి. యాసంగి పంట. ఆరబోసి, తిరగేసి, తూర్పార పట్టి పెట్టింది. తేమ కాగితం చేతికొస్తే లారీ ఎక్కి మిల్లుకు పోతాయి. రాకముందే చెడగొట్టు వాన పడిందా, ఏడాది కష్టం కళ్లముందే మొలకెత్తుతుంది. ఆమెకు ఇదొక్కటే గుబులు. "నువ్వు పేపర్ల రాస్తవు గదరా, నిన్ను జూస్తె జర భయపడ్తరు" అని నన్ను వెంటపెట్టుకొని పోయింది. (ఎవరూ భయపడలేదు. కుర్చీ కూడా వేయలేదు.)

అత్త కొంగులోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకొని కొరికింది. టక్కుమంది.

"ఇన్నవా సారూ? గింతకంటె ఎండుతయా వడ్లు?"

"ఇన్న అవ్వా. నేనింటె ఏం లాభం? కంప్యూటర్ ఇనాలె."

నిజం చెప్పాలంటే మండలి చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పాత కంప్యూటర్ పొట్ట విప్పి, లోపల ఖాళీగా ఉన్న గాడిలో యూఎస్‌బీ కార్డు అనే అరచేతంత పలకను దిగ్గొడితే, వెనకవైపు నాలుగు రంధ్రాలు వస్తాయని ఎవరో చెప్పగానే ఫైలు కదిలింది. జనగామలోని పెద్దాఫీసు సరేనంది. మహబూబాబాద్‌లోని సాంకేతిక విభాగం, ఈ కంప్యూటర్ ప్రస్తుతం ఎందుకూ పనికిరాదని సర్టిఫికెట్ అడిగింది. భూపాలపల్లిలోని మంజూరు విభాగం, ఇది పూర్తిగా పనిచేస్తున్నదని సర్టిఫికెట్ అడిగింది. రాంచందర్ గారు రెండూ ఒకే రోజు సంతకం చేసి పంపారు. (ఈ రెండు సర్టిఫికెట్లకూ ఏకకాలంలో అర్హులైనవారు ఆ ఆఫీసులో కుర్చీల మీద కూడా ఉన్నారని ఆయన అనలేదు. నేనంటున్నాను.)

మేం పోయిన రోజే కార్డు వచ్చింది. బస్టాండు పక్కన మొబైల్ రిపేర్ షాపు నడిపే దిలీప్ దాన్ని బిగించడానికి వచ్చాడు. పొట్ట విప్పాడు. లోపల దుమ్ము, ఒక బల్లి, దాని సంసారం, ఎప్పుడో పోయిన బీరువా తాళంచెవి కనిపించాయి. తాళంచెవి దొరికిన సంతోషంలో ఆఫీసుకంతా చాయ్ తెప్పించారు. అత్త బయటికి పోయి ఆకాశం చూసి వచ్చింది.

కార్డు గాడిలో కూర్చుంది. కంప్యూటర్ బుసలు కొట్టుకుంటూ లేచి, నాకేదో కొత్త వస్తువు తగిలించారు, దీని సాఫ్ట్‌వేర్ ఇప్పించండి అని మర్యాదగా అడిగింది. దిలీప్ కార్డు వచ్చిన డబ్బా వెతికి ఒక పెన్‌డ్రైవ్ తీశాడు. తీసి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైంది తమ్మీ? గుచ్చు," అన్నాడు రాంచందర్.

"యాడ గుచ్చాలె సార్?"

"గా కొత్త పొక్కలున్నయి గద?"

"సాఫ్ట్‌వేర్ ఎక్కితెనే పొక్కలు పనిజేస్తయి సార్."

"అయితె ఎక్కియ్యి. సాఫ్ట్‌వేర్ యాడున్నది?"

"పెన్‌డ్రైవ్ల."

రాంచందర్ గారి ముఖంలో గొప్ప శాంతి కనిపించింది. ఇంతసేపూ ఈ యంత్రాల వ్యవహారం ఆయనకు కొత్త. ఇప్పుడు మాత్రం తనకు తెలిసిన దారిలోకి వచ్చిపడింది. "గిది పద్ధతి ప్రకారమే ఉన్నది. లెటర్ పెడదాం," అని తెల్లకాగితం తీశాడు.

"మీ తెలివి మన్నువడ! మబ్బు వట్టింది సారూ!" అని అరిచింది అత్త.

దిలీప్ మంచివాడు, పైగా సర్కారు నౌకరు కాడు. షాపుకు ఉరికి అదే సాఫ్ట్‌వేర్ ఉన్న పాత సీడీ పట్టుకొచ్చాడు. కంప్యూటర్ సీడీ పెట్టె నోరు తెరవలేదు. పక్కన చిన్న బెజ్జం ఉంటుంది, సన్నటిదేదైనా పెట్టి నొక్కితే తెరుచుకుంటుందని దిలీప్ అంటే, అత్త గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. పెట్టె తెరుచుకుంది. లోపల పాత చైర్మన్ గారి బిడ్డ పెండ్లి సీడీ ఉంది. దాన్ని గౌరవంగా పక్కన పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఎక్కింది. నాలుగు రంధ్రాలకూ ప్రాణం వచ్చింది. నాకు నిజంగానే సంతోషమేసింది. అత్తయితే దిలీప్ తల నిమిరి, పిడికెడు వడ్లు తేవడానికి కుప్ప దగ్గరికి ఉరికింది. నేనూ ఆమె వెనకే పోయాను.

అక్కడే పొరపాటు చేశాం. నాలుగు రంధ్రాలను ఒక సర్కారు గదిలో ఒంటరిగా వదిలి బయటికి పోకూడదు.

మేం తిరిగొచ్చేసరికి మొదటి రంధ్రంలో చైర్మన్ హన్మంత్ గారి సెల్‌ఫోన్ చార్జింగ్ అవుతోంది. రెండోదాంట్లో రాంచందర్ గారి చిన్న ఫ్యాను తిరుగుతోంది. మూడోదాంట్లో గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం చుట్టూ రంగురంగుల లైట్లు వెలిగి ఆరుతున్నాయి. నాలుగోది ఖాళీగా ఉంది. దాని మీద 'ఖాళీగా ఉంచవలెను' అని చీటీ అంటించారు.

"సార్, ఆ ఫోను ఒక్క నిమిషం తీస్తే..." అన్నాను.

"చైర్మన్ సాబ్‌ది. మీటింగుల ఉన్నడు, ఎట్ల అడగాలె?"

"పోనీ మీ ఫ్యాను?"

"నాకు చెమట వట్టిందనుకో, రూముల తేమ పెరుగుతది. రీడింగు తప్పొస్తది. అవ్వకే నష్టం."

దేవుడి లైట్ల వైపు చూశాను. గదిలో ఉన్న అందరూ నన్ను చూశారు. నేను చూపు తిప్పుకున్నాను.

"గా పొక్క ఖాళీగనే ఉన్నది గద సారూ?" అని నాలుగోదాన్ని వేలుపెట్టి చూపించింది అత్త.

"అది పెద్దాఫీసరుకు అవ్వా. జనగామ నుంచి మేడం ఎప్పుడన్న రావచ్చు. అచ్చినంక ఫోను చార్జింగ్ పెడ్తనంటె పొక్క లేదని చెప్పాల్నా? నా నౌకరి నువ్విస్తవా?"

"ఆమె వచ్చేదాంక పెట్టి తియ్యిండ్రి సారూ, నీ కాల్మొక్త."

"తియ్యంగ మేడం అచ్చిందనుకో?"

పేపర్లో రాసేవాణ్నని నేను గొంతు పెంచితే, రాంచందర్ గారు ఎంతో ప్రేమగా, "రాయిండ్రి సార్, రంధ్రాలు అచ్చినయని రాయిండ్రి," అన్నారు.

వాన ఆయన మాట పూర్తికాకముందే వచ్చింది. ముందు గాలి, గాలి వెంటే పెద్ద పెద్ద చినుకులు. అత్త కుప్ప మీద టార్పాలిన్ పరదా కప్పబోతే గాలికి అది చివరిదాకా చిరిగి రోడ్డు మీద పడింది. "మండలిది పెద్ద పరదా ఉంటది, ఉరుకు బిడ్డా!" అని కేక వేసింది. నేను ఆఫీసులోకి ఉరికాను. మండలి వారి పెద్ద పరదా ఉన్నమాట నిజమే. దాన్ని నాలుగు మడతలు పెట్టి కంప్యూటర్‌కు కప్పారు.

"కిటికీల నుంచి జల్లు గొడ్తున్నది సార్," అన్నాడు రాంచందర్. "కార్డు కొత్తది."

నేను పరదా పట్టుకొని లాగాను, ఆయన అటు లాగాడు. ఇద్దరం లాగుతుండగానే కుప్ప కిందినుంచి నీళ్లు పోయాయి. అత్త ఆ నీళ్లల్లో కూలబడి, కొట్టుకుపోయే గింజలకు చీరకొంగు అడ్డం పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

వారం తిరగకముందే మేడం ప్రియదర్శిని గారు జనగామ నుంచి రానే వచ్చారు. నెమ్మదస్తురాలు. దండ వేయించుకొని, కంప్యూటర్ వెనక్కి వంగి చూసి, "నాలుగోది ఖాళీ ఎందుకు పెట్టిన్రు?" అని అడిగారు.

"మీరు వస్తరని మేడం."

"నా ఫోను కార్లనే చార్జింగ్ అయింది. తేమ మీటరు పెట్టుండ్రి."

రిబ్బన్ కట్టారు, కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. (నీళ్లు కార్డు మీద పడకుండా పరదా అడ్డం పెట్టారు.) మొదటి రైతుగా అండాలు అత్తను పిలిపించారు. ఆమె దోసిట్లో వడ్లు తెచ్చింది. ఒక్కో గింజకూ తెల్లటి మొలక. మేడం అందులోంచి పిడికెడు తీసి యంత్రంలో పోశారు. తోక నాలుగో రంధ్రంలోకి దిగింది. కంప్యూటర్ ఆలోచించింది. ప్రింటర్ కరకరమని కాగితం బయటికి నెట్టింది. రాంచందర్ గారు దాన్ని పైకెత్తి చదివారు: "తేమ ముప్పై ఒక్క శాతం. తిరస్కరించడమైనది."

మెషిన్ పనిచేసింది. గది గదంతా చప్పట్లతో మోగిపోయింది. చైర్మన్ హన్మంత్ గారు ఫుల్ చార్జింగ్ ఉన్న ఫోను తీసి అందరినీ దగ్గరికి జరగమన్నారు. అత్త మాత్రం మిగిలిన వడ్ల దోసిలితో అలాగే నిలబడి ఉంది.

రాంచందర్ గారు ఆమె చెవి దగ్గరికి వంగి చాలా మర్యాదగా చెప్పారు.

"గా వడ్లు జర కింద పారబోసి చప్పట్లు కొట్టు అవ్వా. ఫోటో దిగుతున్నం."