వడ్రంగి బండికి జ్వరం

ఆ పొద్దున ఆకాశం ముసురేసుకుని, కురవాలా మానాలా అని తేల్చుకోలేక కూర్చుంది. వడ్రంగి మాత్రం తేల్చుకున్నాడు. పదకొండింటికల్లా భార్యను మోటార్‌సైకిల్ మీద వాళ్లక్క ఇంటికి భోజనానికి తీసుకెళ్లాలి. దారిలో బండి ఆగకూడదు.

"ఈసారి గానీ ఆగిందా, పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేస్తాను. చెప్పలేదనొద్దు," అంది భార్య.

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఆ బండేమో వడ్రంగికి పెళ్లికి ముందు నుంచీ ఉంది. రెంటిలో ఏది ఎక్కువని ఎవరూ అడగలేదు గనక బతికిపోతున్నాడు.

అతనికున్న జబ్బల్లా ఒకటే. కన్నం కనబడితే చాలు, జేబులోని లప్పం తీసి పూడ్చి, బొటనవేలితో నున్నగా రుద్దేస్తాడు. మేకు కన్నాలు సరే, ఒకసారి బీరువా తాళం కన్నం కూడా పూడ్చేశాడు.

వానలు మొదలైన నాటి నుంచీ బండికి జ్వరం. పది నిమిషాలు నడిచేసరికి ఇంజను పెనంలా కాలి, దగ్గి, ఆగిపోతోంది. బయల్దేరే ముందు, పంపుసెట్లు బాగుచేసే బావమరిది వచ్చి, ట్యాంకు మూత తీసి తొంగిచూశాడు.

"పెట్రోలుందిలే బావా. గాలి ఎక్కువై, ఇంజనుకి పెట్రోలు చాలట్లేదు. అందుకే ఈ వేడి," అని మూత పెట్టి, కార్బురేటర్ స్క్రూ తిప్పాడు.

భార్య వెనక ఎక్కింది. బండి గుర్రంలా పరిగెత్తింది, పది నిమిషాలు. సంత వీధి మలుపులో దగ్గింది.

"ఆగుతోందేంటి?" అంది భార్య.

"ఆగట్లేదు. ఆలోచిస్తోంది," అన్నాడు వడ్రంగి.

వెనకే తన బండి మీద వస్తున్న బావమరిది దిగి, మళ్లీ మూత తీసి చూసి, పెట్టి, ఇంకో స్క్రూ తిప్పాడు. మళ్లీ పది నిమిషాలు గుర్రం.

మూడోసారి ఆగగానే వడ్రంగి తువ్వాలు తడిపి ఇంజనుకు చుట్టాడు. అది బుస్సుమని ఆవిరి కక్కింది. పక్కనే గోడ కడుతున్న మేస్త్రి "మంటలు! మంటలు!" అని అరుస్తూ తట్టెడు ఇసుక తెచ్చి కుమ్మరించాడు. సగం బండి మీద పడింది, సగం భార్య కొత్త బట్టల మీద.

"అన్నీ తిప్పేశాను బావా. ఇక తిప్పడానికి నా తలకాయే మిగిలింది," అన్నాడు బావమరిది.

సరిగ్గా అప్పుడే పాత సామాన్లవాడు గంట కొట్టుకుంటూ వచ్చాడు.

"ఇదిగో బాబూ, ఆగు!" అంది భార్య. వడ్రంగి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు.

"పెట్రోలుంటే వంపేసుకోండమ్మా. తర్వాత గొడవొద్దు," అన్నాడు సామాన్లవాడు.

ఆమె మూత తిప్పింది. ఏడుపు మధ్యలో పిల్లాడు ఊపిరి పీల్చినట్టు ట్యాంకు సుయ్యిమంది. ఆమె మూతను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏవండీ, నూనె డబ్బాకి ఒక్క కన్నమే పెడితే నూనె వస్తుందా?"

"ఎలా వస్తుంది? గాలి వెళ్లడానికి ఇంకోటి..." అని వడ్రంగి ఆగిపోయాడు.

మూత మీది బుల్లి కన్నంలో తెల్లటి లప్పం, నున్నగా, బొటనవేలి ముద్రతో సహా ఉంది. గాలి వెళ్లే దారి లేక పెట్రోలు కిందికి దిగడం లేదు. మూత తీసినప్పుడల్లా బండి బాగుపడింది, పేరు మాత్రం స్క్రూకి వచ్చింది.

"వాన నీళ్లు దిగుతాయేమోనని..." అన్నాడు వడ్రంగి.

ఆమె పిన్నీసుతో లప్పం పెరికేసింది. బావమరిది స్క్రూలన్నీ వెనక్కి తిప్పాడు.

"మరి ఇనుము సంగతేంటమ్మా?" అన్నాడు సామాన్లవాడు.

"ఇనుము బాగానే ఉంది. మనిషిని తీసుకుంటావా?"

అతను వడ్రంగిని పైనుంచి కిందిదాకా చూసి, "తూకం రాడమ్మా," అని వెళ్లిపోయాడు.

అక్క ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. వడ్రంగి కంచం పక్కనే, బల్ల అంచున, చిన్న మేకు కన్నం ఉంది. అతని ఎడమ చెయ్యి మెల్లగా జేబు దాకా వెళ్లింది. భార్య తలెత్తి చూసింది. చెయ్యి తిరిగొచ్చి మంచినీళ్ల గ్లాసు పట్టుకుంది.

ఆ కన్నం ఇప్పటికీ అక్కడే ఉంది.