భోజనాలు లేని ఫంక్షన్

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు: అమ్మ, నాన్న, నాయనమ్మ శౌరమ్మ, చల్లపల్లి నుంచి వచ్చిన మేనత్త తెరేసమ్మ, అన్నయ్య ఫిలిప్, నేను. ఇంతమంది మధ్య కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం కంటే అదృష్టం లోకంలో లేదని నా నిశ్చితాభిప్రాయం!

నవ్వకండి. ఏకాంతం కావాలి, నిశ్శబ్దం కావాలి అని ఏడ్చేవాళ్ళకు జావాస్క్రిప్ట్ ఈ జన్మలో రాదు.

సాయంత్రంలోగా నేనొక ఫంక్షన్ రాసి పంపాలి. పంపితే గవర్నర్‌పేటలో వెబ్ డిజైన్ క్లాసులో సీటు. లేకపోతే లేదు. ఫంక్షన్ అంటే ఏమీ లేదు, చేయాల్సిన పనిని ఒకసారి రాసి పేరు పెట్టి ఉంచడం. ఆ పేరుతో పిలిచినప్పుడల్లా పని చేసిపెడుతుంది.

"ఏంటే వినీలా, అంత దీక్షగా రాస్తున్నావు?" అంది అత్త.

"ఫంక్షన్ రాస్తున్నానత్తా."

"ఎవరిదే? మాకు ఒక్క మాటైనా చెప్పలేదేంటన్నయ్యా!" అంటూ నాన్న వైపు తిరిగింది.

"అది కాదత్తా! ఇది రాసినంత మాత్రాన జరగదు. పిలవాలి."

"పిలవకుండా ఎవరొస్తారే పిచ్చిమొహమా! ముందు మీ మేనమామల్ని పిలవండి. భోజనాలెక్కడ?"

"బిర్యానీలో ముక్కలు తక్కువైతే పరువు పోద్ది," అని నాయనమ్మ తీర్పు చెప్పింది.

చూశారా! ఏ ఇంజనీరింగ్ కాలేజీలో జరుగుతుంది ఇంత లోతైన చర్చ?

ప్రాక్టికల్స్ కూడా ఇంట్లోనే. "వినీలా, టీ!" అన్నారు నాన్న. టీ వచ్చింది. "వినీలా, కళ్ళజోడు!" అంది నాయనమ్మ. అదీ వచ్చింది. "వినీలా, ఇస్త్రీ!" అన్నాడు అన్నయ్య. చొక్కా ముడతలు పోయాయి. పిలిచినవాళ్ళు లోపల ఏం జరుగుతోందో పట్టించుకోనక్కర్లేదు, అదే ఫంక్షన్ గొప్పతనం అని పాఠంలో ఉంది. ఆ పాఠం రాసినాయన మా ఇంటికి ఎప్పుడొచ్చి వెళ్ళాడో!

ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు, అంటే పనికి కావాల్సిన వివరాలు, ఇవ్వాలట. మా ఇంట్లో ఆ బెడద లేదు. నేను నోరు తెరిస్తే చాలు, "ఆర్గ్యుమెంట్లొద్దు" అంటారు నాన్న. పనయ్యాక రిటర్న్ ఏదో ఒకటి రావాలట. వస్తుందండీ, ఎందుకు రాదు? ఖాళీ గ్లాసు వస్తుంది!

ఇంతటి శిక్షణ మధ్య ఎలాగో ఫంక్షన్ పూర్తయింది. ఇక పంపడమే. అంతలో అమ్మ పిలిచింది. చేపలు కడిగి వచ్చేసరికి లాప్‌టాప్ అన్నయ్య గదిలో ఉంది. స్నేహితులతో ఆన్‌లైన్‌లో గేమ్ ఆడుతున్నాడు.

"అన్నయ్యా, ఒక్క నిమిషం ఇవ్వు. పంపి ఇచ్చేస్తా."

"మ్యాచ్ మధ్యలో ఉన్నానే. నీ ఫంక్షన్ ఎక్కడికి పోద్ది? రేపు చూసుకో."

"రేపు తీసుకోరు!"

ఎన్నడూ గొంతెత్తని నేను అమ్మా, నాన్నా, నాయనమ్మా అని వరసపెట్టి పిలిచాను. ఒక్కరూ కదల్లేదు. "వాణ్ణి విసిగించకమ్మా, మగపిల్లాడు," అంది అమ్మ వంటింట్లోంచి.

"అయినా తపస్సుకాలంలో ఫంక్షనేంటే? ఈస్టర్ అయ్యాక పెట్టుకోండి," అంది అత్త.

పిలిస్తే పనిచేసేది మా ఇంట్లో ఒక్కటేనండీ. దానికి ఎవరినీ పిలిచే హక్కు లేదు.

"అన్నయ్యా, సీటు పోతుంది..."

"అబ్బా, గోల చేయకే. అవతలివాళ్ళకి వినపడుతోంది," అంటూ అన్నయ్య లేచి వచ్చి, నా మొహం మీదే తలుపు వేసేశాడు.