తల తిప్పని పిల్లకే సర్టిఫికెట్

దేశంలో రేషన్ కార్డు లేని ఇల్లున్నా ఫరవాలేదు గానీ, క్లౌడ్ సర్టిఫికెట్ లేని ఇల్లు మాత్రం ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. బియ్యం నిండుకుంటే పక్కింట్లో గ్లాసుడు అడగొచ్చు. సర్టిఫికెట్ లేకపోతే ఎవరింటికెళ్ళి అడుగుతాం?

మీరు నవ్వుతారని తెలుసు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవుకి ఎగువన మా ఇల్లు. మా ఆయన నూకన్న బోటు మీద వేటకెళ్తాడు. మా ఒక్కగానొక్క పిల్ల అమ్మడు డిగ్రీ అయ్యాక క్లౌడ్ కంప్యూటింగూ, నెట్‌వర్కింగూ అనే చదువులో దిగింది. దాని పక్కన కూర్చుని భయపడుతూ భయపడుతూ నేనూ సగం నేర్చేసుకున్నాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. క్లౌడ్ అంటే మన సామానంతా ఊరుగాని ఊళ్ళో ఎవరి గోదాములోనో పెట్టి, అడిగినప్పుడల్లా తీగమీద పంపమని అద్దె కట్టుకోవడం. నెట్‌వర్కింగ్ అంటే ఆ తీగ తెగకుండా కనిపెట్టుకుని ఉండడం. మా దీవులకి ఆ తీగ చెన్నై నుంచి సముద్రం అడుగున వచ్చింది. వచ్చిన కొత్తలో మా వీధిలో అందరూ ఆగకుండా ఆడే వీడియోలు చూసి సంబరపడ్డారు. దాన్ని సొరచేప కొరికితే గతేమిటని నేనడిగాను. అమ్మడు పడీపడీ నవ్వింది. సొరచేపల్ని చూసొచ్చేవాడు వాళ్ళ నాన్న. ఆయన నవ్వలేదు.

ఇక సర్టిఫికెట్ల గొప్పతనానికి వద్దాం.

మామూలు డిగ్రీ ఉందనుకోండి. ఒకసారి పాసయితే చచ్చేదాకా పాసే. ఆ తర్వాత తల్లి దేనికని భయపడాలి? ఈ సర్టిఫికెట్ అలాంటిది కాదు. బ్రెడ్డు ప్యాకెట్టు మీద ఉన్నట్టు దీని మీద గడువు తేదీ ఉంటుంది. మూడేళ్ళు తిరిగేసరికి వచ్చిన చదువు రానట్టే లెక్క! అసోసియేట్ అయ్యాక ప్రొఫెషనల్, ఆపైన ఎక్స్‌పర్ట్. పిల్ల పైమెట్టు ఎక్కేసరికి కింద మెట్టుకి గడువు తీరిపోతుంది. మళ్ళీ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. తల్లి గుండెకి ఇంతకన్నా మంచి వ్యాయామం ఏ డాక్టరు చెప్పగలడు?

ఉద్యోగాల ప్రకటనలు చూశారా? కొత్తవాళ్ళే కావాలి, అయిదేళ్ళ అనుభవం ఉండాలి, సర్టిఫికెట్ తప్పనిసరి. ఇంత స్పష్టంగా అడిగేవాళ్ళని నేను పెళ్ళిళ్ళ పేరయ్యల్లో కూడా చూడలేదు.

అసలు ఇంత మంచి పద్ధతిని కంప్యూటర్లకే ఎందుకు వదిలేశారో! బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కేవాళ్ళకీ పెట్టాలి. ఒడ్డు తగలకముందే దూకేవాడు అసోసియేట్. భుజాన కూరగాయల మూటతో దూకేవాడు ప్రొఫెషనల్. దూకాక వెనక్కి తిరిగి పెళ్ళాన్ని దూకమనేవాడు ఎక్స్‌పర్ట్. ప్రోతరాపూర్ బస్సులో కిటికీలోంచి సీటు మీదకి రుమాలు విసిరేవాళ్ళకి వేరే పరీక్ష ఉండాలి. మొగుళ్ళకైతే తప్పకుండా పెట్టాలి, మూడేళ్ళ గడువుతో సహా. పొరుగింటి గురమ్మ ఈ మాట విని చాలాసేపు ఆలోచించింది. పరీక్ష ఎవరైనా పెట్టుకోవచ్చు గానీ, రెన్యూవల్ మాత్రం మన చేతిలోనే ఉండాలంది.

ఈ చదువుకి ఉన్న ముందుచూపు ఇంక దేనికీ లేదు. అచ్చం నాలాగే, అన్నిటికీ చెడే జరుగుతుందని నమ్మే శాస్త్రం ఇది. ఒక మిషను ఆగిపోతుందని ముందే అనుకుని రెండోది పెడతారు. రెండోదీ ఆగిపోతుందని వేరే ఊళ్ళో మూడోది పెడతారు. ఆ ఊరు కూడా మునిగిపోతే ఎలాగని ఇంకో దేశంలో గది అద్దెకి తీసుకుంటారు. ఇన్నాళ్ళూ ఇంట్లో అందరూ నన్ను పిరికిదాన్నన్నారు. నేను ఇంజినీర్నని ఒక్కరికీ తోచలేదు.

ఒకనాడు అమ్మడు నాతో కూర్చుని చేపలు బాగుచేస్తూ పాఠం అప్పజెప్పింది. ఇల్లంతా ఒక్కదాని మీదే ఆధారపడి, అదొక్కటీ పోతే అన్నీ పోయేట్టుంటే, దాన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారట.

"అంటే మీ నాన్నేనేటే?" అన్నాను.

అది కత్తిపీట మీద చెయ్యి ఆపి నాకేసి చూసింది. ఆ పూట పాఠం మళ్ళీ సాగలేదు.

అసలు సంగతేమిటంటే, మా ఊళ్ళోనే ఒక ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం ఖాళీ పడింది. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ నెలాఖరులోగా తెచ్చి చూపిస్తే అమ్మడికి ఇక్కడే కుర్చీ. తేలేకపోతే బెంగుళూరు వెళ్ళి ట్రైనింగు, ఆపైన వాళ్ళెక్కడికి తోస్తే అక్కడికి. పిల్ల నా కళ్ళముందుంటుందా, ఓడెక్కిపోతుందా అన్నది ఒక్క పరీక్షలో తేలాలి. నేను చర్చికీ వెళ్ళి దండం పెట్టాను, అమ్మవారికీ పెట్టాను. బ్యాకప్ ఉండాలి కదా!

ఆ పరీక్షకి సెంటరు చెన్నైలో ఉంది. లేదంటే ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని రాయొచ్చు. దీన్ని కనిపెట్టినవాళ్ళు చల్లగా ఉండాలి. ఎక్కడో తెలియని ఊళ్ళో పరీక్షకి కాపలాగా ప్రాక్టర్ అని ఒకాయన కూర్చుంటాడు. మనకి ఆయన కనబడడు, మనం ఆయనకి కనబడతాం. ముందుగా గది నాలుగు వైపులా చూపించమంటాడు. మా గోడ మీద మా అత్తగారు కామమ్మ ఫోటో ఉంది. ఆ ముసలావిడెవరు, బయటికి పంపించండి అన్నాడు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందని అమ్మడు టైపు చేసింది. అయినా సరే, పంపించమన్నాడు. ఆవిడ బతికుండగా నావల్ల కాని పనిని ఆయన ఒక్క మాటతో చేయించాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఆ తర్వాత నన్నూ పంపించేశాడు. గదిలో పిల్ల ఒక్కతే ఉండాలి. పెదవులు కదపకూడదు. కళ్ళు తెర మీంచి పక్కకి పోకూడదు. తల తిప్పితే తప్పు, మళ్ళీ తిప్పితే పరీక్ష రద్దు.

ఇక్కడ మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. మా అత్తగారు విశాఖ వైపు నుంచి ఓడ మీద వచ్చినప్పుడు గిన్నెలతోపాటు దీన్నీ తెచ్చుకుంది. వేటకెళ్ళిన బోటు రేవులోకి తిరుగుతున్న మోత వినబడితే చాలు, ఇంట్లో ఎవరున్నా, ఏ పనిలో ఉన్నా కిటికీ వైపు తిరగాలి. బోటులో మనిషి తాడు కట్టకముందే ఇంటిమనిషి మొహం చూడాలి. ఇల్లు క్షేమమని ఆయనకి, ఆయన క్షేమమని మనకి. రేవులోకి ఎన్ని బోట్లొచ్చినా నూకన్న ఇంజిను మోత వేరు. మధ్యలో ఒకసారి దగ్గుతుంది. అమ్మడు ఊయల్లో ఉన్నప్పుడే ఆ దగ్గుకి తల తిప్పేది.

ఇక మీకు చెప్పేదేముంది. పరీక్ష సగంలో ఉండగా బోటొచ్చింది. ఇంజిను దగ్గింది. పిల్ల తల కిటికీ వైపు తిరిగింది. తెర మీద హెచ్చరిక వచ్చింది. నూకన్న బోటుని ఒడ్డుకి మళ్ళించడానికి ఇంజిను మళ్ళీ రేజ్ చేశాడు. మళ్ళీ తిరిగింది. పరీక్ష రద్దు!

అప్పుడు తెర మీదున్న ప్రశ్న ఏమిటో తెలుసా? దూరంగా ఉన్న రెండు మిషన్లు ఉన్నావా అని ఒకటి, ఉన్నాను అని ఒకటి ఎలా పలకరించుకుంటాయో రాయమట. పిల్ల జవాబు చేసి చూపించింది. అది చెల్లదన్నారు.

మా వీధి చివర కోచింగ్ సెంటరు నడిపే దేవకుమార్ మంచి కుర్రాడు. జరిగిందంతా ఇంగ్లీషులో రాసి, ఆ పిల్ల చూసింది కాపీ చీటీని కాదు, తండ్రిని అని వాళ్ళకి పంపించాడు. పరీక్ష గదిలోకి అనుమతించిన వాటిలో తండ్రి లేడని జవాబొచ్చింది. ఎంత పకడ్బందీ అయిన పద్ధతో చూడండి. మన సర్కారు పరీక్షల్లో తండ్రులు గోడలెక్కి మరీ చీటీలు అందిస్తారు!

మళ్ళీ ఫీజు కట్టి నెలాఖరులోపు ఇంకోసారి రాసుకోమన్నారు. ఈసారి కిటికీ మూసేద్దామంటే సిగ్నల్ ఆ కిటికీలోంచే వస్తుంది. చెవుల్లో ఏమైనా పెట్టుకుందామంటే అదీ నిషేధమే. ఇక మిగిలింది మెడ.

"టెన్షన్ మత్ లో ఆంటీ. మెడకి కూడా ప్రాక్టీస్ పెట్టండి," అన్నాడు దేవకుమార్, మా దీవుల్లో అందరిలాగే సగం హిందీ కలిపి.

పెట్టాను. నూకన్న ఇంజిను మోతని ఫోన్లో పట్టుకున్నాను. అమ్మడు అన్నం తింటుంటే వెనక నుంచి వినిపించాను. తల తిప్పింది, గరిటెతో ఒకటి వేశాను. జడ వేస్తూ వినిపించాను. బట్టలు ఆరేస్తుంటే వినిపించాను. మొదట్లో తిప్పేసేది. తర్వాత సగం తిప్పి ఆపేది. ఆ తర్వాత కళ్ళు మాత్రం కదిలేవి. ఒకసారి నా ఫోనుకి బదులు నిజంగానే ఆయన వచ్చాడు. నేను గరిటె ఎత్తాను, పిల్ల కదల్లేదు. నాకు ఆనందంతో కళ్ళనీళ్ళొచ్చాయి. ఆనందంతోనే వచ్చాయని అనుకుంటున్నాను.

రెండోసారి పరీక్ష తేదీ వాళ్ళే ముందుకి జరిపారు. అప్పటికే నూకన్న వేటకెళ్ళిపోయాడు. రేవు వైపున్న కిటికీ పరీక్ష గదిలోనే, అందులో నన్ను ఉండనివ్వరు. ఆ పూట కిటికీలో ఎవరూ ఉండరు, కంగారు పడకని ఆయనకి చెప్పాలి. ఎలా చెప్పాలి? నడిసముద్రంలో ఫోను పలకదు. ఇంట్లో జరిగేది నెట్‌వర్కింగ్ పరీక్ష అని చెప్పడానికి నెట్‌వర్క్ లేదు!

ఆ రోజు పొద్దున్నుంచీ గాలి. రావలసిన బోట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి, ఆయనది రాలేదు. నేను వీధి గుమ్మంలో కూర్చుని గురమ్మతో సహా ఎవర్నీ లోపలికి రానివ్వకుండా కాపలా కాశాను. లోపల పిల్ల ఫెయిలవుతుందని ఒక భయం, బయట మనిషి రాడని ఒక భయం. నా దగ్గర అప్పుడు రెండు భయాలూ ఒకదానికొకటి బ్యాకప్‌గా నడుస్తున్నాయి.

ఇంజిను దగ్గింది.

నా తల దానంతటదే రేవు వైపు తిరిగిపోయింది. తలుపు సందులోంచి చూశాను. అమ్మడి తల తిరగలేదు. మెడ మీద నరం ఒక్కటి పైకి లేచింది, అంతే. మౌస్ నొక్కుతూనే ఉంది.

రేవులో నూకన్న మా కిటికీకేసి చూశాడట. మొహం లేదు. బోటుని పక్కవాళ్ళ మీద వదిలేసి, తాడైనా కట్టకుండా ఎగువకి పరుగెత్తుకొచ్చాడు. ఒళ్ళంతా ఉప్పునీళ్ళు, ఊపిరి అందడం లేదు.

"పిల్లకేటైనాదే?"

"పాసవతంది. మాటాడకు."

ఆయన అక్కడే గుమ్మం పక్కన కూలబడ్డాడు. పరీక్ష అయ్యేదాకా తడిబట్టల్తో అలాగే కూర్చున్నాడు. నేను తువ్వాలు కూడా చప్పుడు కాకుండా అందించాను. ప్రాక్టర్ వింటాడు కదా.

పాసైంది! మంచి మార్కులు. ఉద్యోగం వచ్చింది, ఇక్కడే, మా ఊళ్ళోనే. పిల్ల ఓడెక్కలేదు. నేను ఏది కోరుకున్నానో అదే దక్కింది. ఇప్పుడు చెప్పండి, సర్టిఫికెట్ గొప్పదా, కాదా? ఇంకా సందేహం ఉన్నవాళ్ళు మా ఇంటికొచ్చి చూడొచ్చు.

ఏ సాయంత్రమైనా రండి. అమ్మడు ఆఫీసు నుంచి వచ్చి అదే కిటికీ పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటుంది. కెమెరా ఉండదు, ప్రాక్టరూ ఉండడు. రేవులో ఇంజిను దగ్గుతుంది. పిల్ల తల తిప్పదు. వినబడలేదా అని అడిగితే వినబడిందంటుంది.

"ఆదత్ పోయింది అమ్మా, ఆ అలవాటే తప్పిపోయింది, క్యా కరూఁ," అంటుంది, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

ఎందుకు పోదు? నేర్పింది ఎవరనుకున్నారు!

కిటికీలో ఇప్పుడు నేనే నిలబడుతున్నాను. నూకన్న నన్ను చూసి చెయ్యి ఊపుతాడు. ఊపాక కూడా తాడు చేత్తో పట్టుకుని, నా పక్కన ఖాళీగా ఉన్న చోటుకేసి ఇంకాసేపు చూస్తాడు. రేవులో వెనక వచ్చిన బోటువాళ్ళు తిడతారు, అప్పుడు కడతాడు.

మొన్న అన్నం తింటూ, పిల్ల వినకుండా నన్ను అడిగాడు.

"తల తిప్పడం నేర్పే పరీచ్చ ఏటైనా ఉందేటే? ఉంటే మన పిల్లని కూకోబెట్టు."

వెళ్ళి దేవకుమార్‌ని అడిగాను. పాపం, ఆ కుర్రాడు కంప్యూటర్‌లో చాలాసేపు వెతికాడు. అలాంటి కోర్సు ఎవరూ నడపడం లేదట.

"డిమాండ్ లేదు ఆంటీ," అన్నాడు.