మడతలో పెదనాన్న

ఆ రోజు పొద్దున మదనపల్లె కల్యాణమండపంలో అడుగు పెట్టేసరికే ఫోటోగ్రాఫర్ ఉమాశంకర్ బుర్రలో ఆల్బమ్ తయారైపోయింది. తాళి ఏ పేజీలో, తలంబ్రాలు ఏ పేజీలో అన్నీ అనుకున్నాడు. ఇక తీయడమే తరువాయి. ఒక్కటే భయం, మడత. రెండు పేజీలు కలిసే చోట ఎవరి ముఖం పడినా లోపలికి పోతుంది. పోయిన నెల పుంగనూరు పెళ్లిలో పెళ్లికొడుకు ముక్కు అలాగే పోయింది. వాళ్లు ఆల్బమ్ తెచ్చి షాపు మెట్ల మీద పడేసి వెళ్లారు. ఇంకోసారి అలాగైతే షాపు మూసుకోవడమే!

"అన్నా, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ ఉంచండి. ఆడ ఎవురూ నిలబడాకండి!" అని ప్రతి గ్రూపు దగ్గరా గొంతు చించుకున్నాడు.

పెళ్లికూతురి తండ్రి, టమోటా వ్యాపారి మునికృష్ణ, పీటల మీద తలమునకలుగా ఉన్నాడు. ఆయన అక్క సిద్ధమ్మ మాత్రం ఇదంతా గమనించింది.

"ఆ చోటు ఎవురికప్పా?"

ముహూర్తం ముంచుకొస్తుంటే మడత గురించి పాఠం చెప్పే తీరిక ఎవరికుంటుంది? "తర్వాత నువ్వే సూస్తావు గదమ్మా" అన్నాడు ఉమాశంకర్.

అంతే, సిద్ధమ్మ కళ్లు చెమర్చాయి. మునికృష్ణతో బోరు నీళ్ల తగాదా వచ్చి మూడేళ్లుగా మాటల్లేకుండా పెద్ద తమ్ముడు బైరప్ప పుంగనూరులో అలిగి కూర్చున్నాడు మరి! గబగబా ఫోను చేసింది.

"ఒరే బైరప్పా, యాల ఆడ కూసోనుండావు? నీ తమ్ముడు ప్రతి ఫోటోలోనూ నీకు చోటు పెట్టించినాడు రా!"

ఈ మాట వంటవాళ్ల దాకా పాకింది. ఎవరో ఆ ఖాళీలో పెద్ద కుర్చీ వేశారు. ఇంకెవరో దాని మీద పూలదండ పెట్టారు. అది చూసి మగపెళ్లివారి తరఫు ముసలాయన, "పాపం, ఎప్పుడు పోయినారు?" అని పరామర్శించాడు. ఉమాశంకర్ నెత్తి కొట్టుకుంటూ కుర్చీ అవతలికి లాగాడు.

భోజనాల వేళకు బైరప్ప కారు దిగాడు. నేరుగా వేదికెక్కి ఆ ఖాళీలోనే నిలబడి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు చోటు పెట్టినావంట గదరా!"

ఏ చోటో మునికృష్ణకు అర్థం కాలేదు. అన్న వచ్చాడు, ఆయనకు అంతే చాలు. భుజం మీద వాలి భోరుమన్నాడు.

ఉమాశంకర్ కెమెరా దించాడు. "పెద్దాయనా, రవంత పక్కకు జరుగు..."

"మూడేండ్లకు వచ్చినోడిని జరగమంటావా?" అని సిద్ధమ్మ కళ్లెర్రజేసింది. ఉమాశంకర్ బటన్ నొక్కాడు.

తర్వాత మునికృష్ణ వచ్చి అతని చేతులు పట్టుకున్నాడు. "అక్క అంతా చెప్పింది. నాకు బుద్ధి పుట్టని పని నువ్వు చేసినావప్పా. నీ మేలు మర్చిపోను." ఉమాశంకర్ నిజం చెప్పేద్దామనుకున్నాడు గానీ, ఆ ముఖం చూశాక కెమెరా సర్దుకోవడం మొదలుపెట్టాడు.

షాపులో ఆల్బమ్ కూర్చేటప్పుడు ఆ ఫోటోను ఎటు జరిపినా చివర ఎవరో ఒకరు తెగిపోతున్నారు. చేసేది లేక బైరప్పనే మడతకు వదిలేశాడు. నెల తర్వాత, ఇక షాపు పోయినట్టేనని దేవుడికి దండం పెట్టుకుని ఆల్బమ్ పట్టుకెళ్లాడు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చుని తెరిచారు. బైరప్ప ముక్కు లోపలికి పోయి, ఈ పేజీలో ఒక చెవి, ఆ పేజీలో ఒక చెవి మిగిలాయి.

బైరప్ప ఆల్బమ్‌ను దగ్గరికి లాక్కున్నాడు. ఉమాశంకర్ గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"సూడు రా మునికృష్ణా! మీరందరూ ఒక్కో పేజీలో ఉండారు. నేను రెండిట్లోనూ ఉండాను! ఇంత మర్యాద నాకు ఎవురు చేసినారు రా?"

ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది ఉమాశంకర్‌కు. పెట్టాడు కూడా.

ఈ మర్యాద సంగతి చుట్టుపక్కల ఊళ్లకూ పాకింది. ఆ పై నెల కుప్పం పెళ్లిలో, మడత మీద తనను నిలబెట్టలేదని పెళ్లికూతురి మేనమామ అలిగి వెళ్లిపోయాడు.