మూడో అగ్నిప్రమాదం

ఆ ఏడాది గుమ్మలపేట మండలానికి ప్రభుత్వం మూడు అగ్నిప్రమాదాలు మంజూరు చేస్తే, మార్చి ఇరవై ఏడు నాటికి రెండే ఖర్చయ్యాయి. మూడోది ముప్పై ఒకటిలోగా వాడకపోతే మురిగిపోతుంది. పోతే పోయింది ఒక్కటేగా అనుకోవడానికి లేదు. ఏడాదికి మూడు మంటలైనా చూపించలేని ఫైర్ స్టేషన్‌ను ఎత్తేసి, బండిని జిల్లా కేంద్రానికి తోలుకుపోతారు. రిజర్వులో ఉన్న హోంగార్డుల్ని ఇళ్ళకు పంపేస్తారు. నిబంధన ఎంత స్పష్టంగా ఉందంటే, అర్థం కాలేదని తప్పించుకునే వీలు కూడా ఎవరికీ లేదు.

స్టేషన్ ఆఫీసర్ సన్యాసిరాజు నిబ్బరమైన మనిషి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క ప్రమాదాన్నీ మురగనివ్వలేదని ఆయనకు డిపార్ట్‌మెంటులో పేరుంది. సిబ్బందిని వరసగా నిలబెట్టి, ఎవరికైనా మంచి ఇల్లు తెలుసా అని అడిగాడు. మంచి ఇల్లంటే తాటాకు కప్పు, బండి వెళ్ళే దారి, చెరువు నుంచి పైపు అందే దూరం.

హోంగార్డు తవిటయ్య చెయ్యెత్తాడు. పన్నెండేళ్ళుగా పర్మనెంటు కాక రిజర్వులోనే ఉన్నాడు. ఈ ఉద్యోగం పోతే అతనికి మళ్ళీ క్వారీలో రాళ్ళు కొట్టడమే గతి.

"నా ఇల్లు రాసుకోండి బాబూ. పోయినేడే కొత్త కప్పేసినాను. బాగా అంటుకుంటాది."

"శభాష్," అన్నాడు సన్యాసిరాజు.

తవిటయ్య ఇంటికెళ్ళి భార్య పైడమ్మకు చెప్పాడు. ఆమె నెత్తీనోరూ బాదుకోలేదు. గవర్నమెంటు పని అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"ఉద్యోగముంటే ఇల్లు మళ్ళీ కట్టుకుంటాం. ఇల్లుండి ఉద్యోగం పోతే ఏటి తింటాం మావా?" అని, సామానంతా వెనక వీధిలో ఉన్న తమ్ముడింటికి మోయడం మొదలుపెట్టింది. ఆ రెండు రోజులూ ఆమెకు నడుం వాల్చే తీరిక లేదు.

ముప్పయ్యో తేదీ ఉదయం పదింటికి ప్రమాదం జరిగింది. బండి తొమ్మిదిన్నరకే వచ్చి నిలబడటంతో, కబురు అందిన క్షణంలోనే చేరుకున్నట్టు రిపోర్టు రాసుకోగలిగారు. ఒక్కటే చిక్కు. కప్పు పూర్తిగా కూలితేనే దాన్ని ఒక ప్రమాదంగా గుర్తిస్తారు. సగంలో ఆర్పితే అది సగం ప్రమాదమే, దాన్ని ఏ కాలమ్‌లో రాయాలో ఎవరికీ తెలియదు. అందుకని తవిటయ్య పైపు చేతపట్టుకుని తన ఇంటి ముందు నలభై నిమిషాలు ఆర్డరు కోసం నిలబడ్డాడు. పెళ్ళయిన ఏడాది తన చేత్తో పాతిన, కప్పు మోసే నిట్టాడి కళ్ళముందే ఒరిగింది. అయినా వాల్వు మీద చెయ్యి కదల్లేదు. ఆర్డరు రాగానే బూడిదను శ్రద్ధగా తడిపాడు.

సాయంత్రానికల్లా పైనుంచి అభినందనలు వచ్చాయి. స్టేషన్ నిలిచింది, తవిటయ్య ఉద్యోగమూ నిలిచింది.

అయితే కప్పు కూలినప్పుడు ఎగిరిన నిప్పురవ్వ ఒకటి వెనక వీధి గడ్డివాములో దూరి కూర్చుంది. మర్నాడు, ముప్పై ఒకటి మధ్యాహ్నం, గాలి లేచేసరికి అది భగ్గుమంది. తవిటయ్య గేటు డ్యూటీలో ఉండి పొగ చూశాడు. లోపలికి పరిగెత్తి ఆఫీసరుకు చెప్పాడు.

సన్యాసిరాజు కిటికీలోంచి కూడా చూడలేదు. "మన మూడూ అయిపోయాయి కదయ్యా. కొత్తవి రేపు వస్తాయి. అప్పటిదాకా ఈ మండలంలో ప్రమాదం జరగడానికి వీల్లేదు. ఎవరైనా వస్తే గేటు దగ్గరే చెప్పి పంపించు."

తవిటయ్య సెల్యూట్ చేసి గేటు దగ్గరికి వచ్చాడు. అవతల పైడమ్మ రొప్పుతూ నిలబడి ఉంది. జుట్టు నిండా మసి.

"మావా, తమ్ముడిల్లు అంటుకుంది! మన సామానంతా అందులోనే ఉంది. బండి తియ్యమను!"

అతను గేటు తియ్యలేదు. జేబులోంచి టోకెన్ల పుస్తకం తీసి, ఒకటో నంబరు చించి, ఊచల మధ్యనుంచి ఆమెకు అందించాడు.

"ఇయేల అవ్వదే పైడీ. రేపు పదిన్నరకి రా. నీదే మొదటిది."

పైడమ్మ వెనక్కి తిరిగి పొగవైపు చూసింది. పక్కిల్లు కూడా అంటుకుంది. టోకెన్ కొంగున ముడేసుకుని అడిగింది:

"ఆదార్ జిరాక్సులు ఎన్ని తేవాల?"

"రెండు," అన్నాడు తవిటయ్య.