టోఫుతో ఉతికిన చొక్కా

ఆ రోజు పొద్దున టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు బడి నుంచి వచ్చేసరికి టోఫు నూడుల్స్ వండి పెట్టాలి, అంతే. భార్య పోయిన దగ్గర్నుంచి ఆ తొమ్మిదేళ్ల పిల్ల కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోతోంది. అమ్మ కోసం ఒక్కసారి ఏడవనూ లేదు. ఏడిస్తే ఊరుకోబెట్టడమైనా చేతనయ్యేది. అలాంటిది నిన్న స్నేహితురాలింటికి వెళ్లొచ్చి, "ఆంటీ టోఫు నూడుల్స్ పెట్టింది. బాగుంది నాన్నా" అంది. ఆ ఒక్క మాటకే అతనికి ప్రాణం లేచివచ్చింది.

టోఫు అంటే ఏమిటో అతనికి తెలియదు. కొట్టువాడే చెప్పాడు: "సోయా పాలు విరగ్గొట్టి గడ్డకట్టిస్తారండీ. గుడ్డలో చుట్టి బరువు పెట్టండి. నీళ్లు కారిపోతేనే బాగా వేగుతుంది."

గుడ్డకీ బరువుకీ టైలరింట్లో కరువా? తెల్లగుడ్డలో చుట్టి, కుళాయి గట్టు మీద పెట్టి, పైన చల్లారిన ఇస్త్రీపెట్టె ఎక్కించాడు. కాసేపటికి టోఫు అంచులు తేలి బిళ్లలా తయారైంది. గుడ్డ విప్పి, ఆరనిమ్మని అక్కడే వదిలేసి, వంటింట్లోకి వెళ్లి మరిగే నీళ్లలో నాలుగు ప్యాకెట్ల నూడుల్స్ పడేశాడు.

ఇంటికి సాయంగా వచ్చి ఉంటున్న అక్క చేతులు ఊరికే ఉండవు. లాయరుగారి కొత్త తెల్లచొక్కా మీద మిషను నూనె మరక కనబడింది. కుళాయి దగ్గర తెల్లటి బిళ్ల కనబడింది. ఇంకేం, రుద్దేసింది.

"ఒరేయ్, ఈ సబ్బెక్కడ కొన్నావురా? నురగ రాదు గానీ, అరగడంలో దీన్ని మించింది లేదు!"

"అక్కా! అది కూరలోకి!"

"కూరలోకైతే కుళాయి దగ్గర పెడతార్రా ఎవరైనా?"

పిలిచినట్టు అప్పుడే లాయరు వచ్చాడు. చొక్కా విదిలిస్తే తెల్లటి ముక్కలు రాలాయి.

"ఏంటయ్యా ఇది? చొక్కా కుట్టమన్నానా, తోడు పెట్టమన్నానా?"

"టోఫు అండీ. మా అమ్మాయి కోసం..."

"మీ అమ్మాయి కోసమైతే నా చొక్కాలో ఎందుకయ్యా?"

ఇంకొకటి కుట్టి ఇస్తానని బతిమాలి ఆయన్ని పంపేసరికి నూడుల్స్ ఉడికి ఉడికి ఒకటే ముద్దయ్యాయి. గరిటె నిలబెడితే నిలబడింది.

టైలరు వంటింటి నేల మీద చతికిలబడ్డాడు. భార్య పోయిన రోజున వచ్చినవాళ్లందరినీ చూసుకుంటూ దిగమింగిన దుఃఖమంతా ఇప్పుడు ఒక గిన్నె ముందు బయటపడింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బడిసంచీతో గుమ్మంలో నిలబడిన కూతుర్ని చూసుకోలేదు.

"అమ్మ గుర్తొచ్చిందా నాన్నా?"

"టోఫు పోయిందమ్మా" అన్నాడతను వెక్కుతూ.

పిల్ల ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. తండ్రి మెడ పట్టుకుని, ఇన్నాళ్లూ ఏడవనిదంతా ఏడ్చింది. చివరికి ముక్కు తుడుచుకుంది.

"నాకు టోఫు నచ్చలేదు నాన్నా. ముక్కలన్నీ పక్కకి తీసేశా. ఆంటీ నా పక్కన కూచుని నోట్లో పెట్టింది, అమ్మలాగా. అది బాగుంది."

"ఆ మాట నిన్ననే చెప్పొచ్చు కదే?"

"నువ్వు మిషను దగ్గరే ఉంటావు కదా ఎప్పుడూ."

టైలరు లేచాడు. ఉన్న ముద్దనే కంచంలో వేసుకుని కూతురి పక్కన కూర్చున్నాడు. సూదిలో దారం చిటికెలో ఎక్కించే ఆ చేతికి ముద్ద పెట్టడం మాత్రం రాలేదు. సగం గౌను మీదే పడింది. పొద్దుగూకి దీపాలు వెలిగినా ఇద్దరూ లేవలేదు.

అంత పాడు వంటను ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ అంతసేపు తినలేదు.